మృగశిర దాకా బతకాల్సిన చేపలు

నిరుడు మే నెలలో ఒక పొద్దున మా ఊరి చెరువులో చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. అరగంటలో ఊరంతా కట్ట మీదికి చేరింది. ఇంకో అరగంటకు హంతకుడు కూడా దొరికాడు. ఇబ్బంది ఏమిటంటే ఒక్కడు కాదు, తొమ్మిది మంది దొరికారు.

పక్క ఊరివాళ్లు పురుగుమందు కలిపారని వలలవాళ్లు అన్నారు. తనంటే గిట్టనివాళ్ల పనేనని చేపల సంఘం అధ్యక్షుడు అన్నాడు. వరికి మందు కొట్టే డ్రోన్ ఒకటి ముందురోజు చెరువు మీదుగా పోయిందని, పోతూ పోతూ కిందికి చూసిందని ఒకాయన ప్రమాణం చేశాడు. డ్రోన్ కిందికి కాక ఎటు చూస్తుందని నేను అడిగాను.

“నువ్వు సప్పుడు జెయ్యకు, సదువుకున్నోనివి,” అన్నాడాయన. మా ఊళ్లో అది తిట్టే.

చదువంటే పెద్దగా ఏమీ లేదు. వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంటును. గాజు సీసాలు కడుగుతాను, పగిలినవాటికి సంతకం పెడతాను. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. కానీ ఆ రోజు కట్ట మీద నన్ను ఒక సంగతి తొలిచింది. కొర్రమట్టలు చావలేదు. బొచ్చెలు, రోహులు గంపలకొద్దీ తేలుతుంటే కొర్రమట్టలు మాత్రం ఒడ్డు బురదలో నిక్షేపంగా తిరుగుతున్నాయి. విషానికి తన పర భేదం ఉండదు. కొర్రమట్టకు ఒక సౌకర్యం ఉంది. నీళ్లలో గాలి అయిపోతే మూతి పైకి పెట్టి మనలాగే పైగాలి మింగుతుంది. అంటే మిగతావి మందుతో చావలేదు, ఊపిరాడక చచ్చాయి. ఆ మాటే చెప్పాను. నీళ్లలో ఉండే చేపకు ఊపిరాడకపోవడమేందని కట్టంతా నవ్వింది. రోజూ నేను వేసే జోకులకు ఎవరూ నవ్వరు. ఆ ఒక్కరోజు నిజం చెబితే నవ్వారు.

అధ్యక్షుడు అవమానంతో తప్పుకున్నాడు. ఆ కుర్చీలోకి మా బావ వచ్చాడు.

మా బావది గద్వాల జిల్లాలో మానవపాడు దిక్కు. ఏటి ఒడ్డున పుట్టి పెరిగినవాడు. అక్కను చేసుకుని మా ఇంటికి ఇల్లరికం వచ్చి ఎనిమిదేళ్లయింది. ఇద్దరు పిల్లలు పుట్టారు, రేషన్ కార్డు కూడా మారింది. అయినా ఊరికి ఆయన గద్వాలోడే. వల బాగా పడితే “గద్వాలోడు ఏట్ల నేర్చిండు” అంటారు. చేప జారితే “గద్వాలోనికి చెరువేం ఎర్క” అంటారు. కర్ణాటక దగ్గరి దిక్కు కాబట్టి చిరాకు పడితే ఆయన నోట రెండు కన్నడ ముక్కలు దొర్లుతాయి, అదొక అదనపు సాక్ష్యం. ఆయన్ను అధ్యక్షుణ్ని చేసింది ప్రేమతో కాదు. ఆ ఏడు ఇంకెవరూ ఒప్పుకోలేదు, అంతే. ఆయన మాత్రం దాన్ని ఊరు తనను కలుపుకోవడం కింద తీసుకున్నాడు. మీటింగులో లేచి నిలబడి, ఎవరూ అడగకుండానే మాటిచ్చేశాడు.

“వచ్చే ఏడు మృగశిర నాడు ఇంటికింత చేప ముడ్తది. ముట్టకుంటె నేను తప్పుకుంట. మళ్ల మీ చెరువుల వల ఎయ్య.”

మృగశిర కార్తె రోజు చేప తినని ఇల్లు మా దిక్కు కనపడదు. ఎండలు పోయి ఒళ్లు చల్లబడే వేళ చేప తింటే వేడి చేస్తుందట, ఏడాదంతా దగ్గు, ఆయాసం రావట. ఎండలో ఉడికినవాళ్లకు మళ్లీ వేడి ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ కూర ఎన్నడూ కాదనలేదు. ఆ రోజు చేప దొరక్కపోతే మావాళ్లు పండగ తప్పినట్టు ముఖం పెడతారు. బావ ఇచ్చిన మాట బరువు అదీ.

“అంత మాట ఇయ్యమని ఎవలు జెప్పిండ్రు నీకు?” అంది అక్క ఇంటికొచ్చాక.

“సుమ్నిరు,” అన్నాడు బావ. ఊరుకోమని. అక్కకు కన్నడంలో ఆ ఒక్క మాటే వచ్చు. ఎక్కువగా వినేది అదే.

వానలకు గడ్డిచేపలు కూడా కలిపి కొత్త చేప పిల్లల్ని చెరువులో వదిలాం. మాట నిలబెట్టుకోవడానికి బావ ఫోన్‌లో వీడియోలు పట్టాడు. కోస్తా దిక్కు చేపల చెరువులవి. అక్కడ కోళ్ల పెంట వేస్తారు, నీళ్లు పచ్చబడతాయి, ఆ పచ్చదనం తిని చేప బలుస్తుంది. అంతవరకు నిజమే. వీడియో చివర్లో ఆ చెరువుల్లో నీళ్లను చిలుకుతూ చక్రాలు తిరుగుతుంటాయి. బావ అక్కడిదాకా చూడలేదు.

దసరా దాటాక మూడు ట్రాక్టర్ల కోళ్ల పెంట చెరువులో పడింది. చలి తగ్గాక ఇంకో రెండు. అడుగున పెరిగే నాచు వలలకు చుట్టుకుంటోందని మనుషుల్ని పెట్టి పీకించాం. మిగిలిన కాస్తా గడ్డిచేపలు మేశాయి. ఇక్కడ నా వాటా కూడా చెప్పాలి. మొదటి ట్రాక్టరు పెంట పోస్తుంటే ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టింది నేనే. సైన్సు చదివిన బామ్మర్ది పక్కన నిలబడి ఫోటో తీస్తుంటే బావకు అనుమానం ఎలా వస్తుంది?

మాది లోతైన చెరువు కాదు. బాగా నిండితే నడిమధ్యన నిలువు లోతు, మే నెలకు నడుము లోతు. ఒకప్పుడు ఎండాకాలం ఎండిపోయేది. ఎత్తిపోతల కాలువ నీళ్లు వచ్చి పడడం మొదలయ్యాక ఎండడం మానేసింది. నీళ్లు వచ్చాయి, ఎగువ చేలలో యాసంగి వరి వచ్చింది, వరితో యూరియా వచ్చింది. మడిలో మిగిలింది మురుగు కాలువల్లో జారి చెరువుకు చేరుతుంది. ఇందులో దుర్మార్గులెవరూ లేరు. మా నాన్నే ఉన్నాడు. పక్క మడి తన మడికన్నా పచ్చగా కనిపిస్తే ఆయనకు అన్నం సయించదు. ఇంకో సగం సంచి చల్లి వచ్చాక సయిస్తుంది.

మార్చికల్లా చెరువు ఇంటి తలుపులకు వేసే ఆకుపచ్చ రంగులా తయారైంది. బర్రెలు నీళ్లలోంచి లేస్తే మెడ దాకా అదే రంగు. ఊరు మెచ్చుకుంది. పచ్చగా ఉందంటే మనకు మంచిదనే కదా లెక్క.

ఒక ఆదివారం నేను అక్క కూరగిన్నె మూతకు తాడు కట్టి, థర్మాకోల్ తెప్ప మీద చెరువు మధ్యకు పోయి నీళ్లలోకి దించాను. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడ్డానికి అదొక పద్ధతి. మూత ఎంత లోతుకు పోతే కనపడకుండా పోతుందో కొలుస్తారు. జానెడు కూడా పోకముందే మాయమైంది. ఒడ్డుకు రాగానే సంఘంలో అందరికన్నా పెద్దాయన, మేమంతా తాత అని పిలిచే ఆయన, ఎదురయ్యాడు.

“ఏంది, మూత కడిగొస్తున్నవా?”

“నీళ్లు ఎంత తేటగున్నయో చూస్తున్న తాత.”

“దానికి మూతెందుకు? మా కాలంల నడుము లోతుల నిలవడితె కాలి ఏళ్లు అగుపడుతుండె. అడుగున నాచు ఉంటుండె గద, నీళ్లు తేటగుంటుండె.”

“నాచు పీకించినం తాత.”

“పీకిచ్చిండ్రు. పెంట పోస్తుంటె నువ్వు ఫోటో గూడ దించితివి,” అన్నాడు తాత. “ఎండకాలం చెరువు ఎండితె అడుగు మన్ను తీసి పొలాలకు తోలుకుంటుంటిమి. నల్లగ, ఎన్నముద్ద లెక్క మెత్తగ ఉంటుండె. ఆ ఏడు పొలానికి ఇంకేం ఎయ్యకపోతుంటిమి. చెరువు గూడ కొత్తగైతుండె.”

“మరి ఇప్పుడెందుకు తోలరు?”

“ఎండితె గద.”

ల్యాబులో నాలుగేళ్లు సీసాలు కడిగినా ఎక్కని సంగతి అక్కడ ఎక్కింది. వెనకటి రోజుల్లో ఎరువు చెరువు నుంచి పొలానికి పోయేది. ఇప్పుడు పొలం నుంచి చెరువుకు వస్తోంది, పైగా మేము ట్రాక్టర్లు పెట్టి మరీ తెచ్చి పోస్తున్నాం. లోపలికి అన్నీ పోతున్నాయి, బయటికి ఏదీ రావట్లేదు. కడుపుబ్బరం కాక ఏమవుతుంది? అడుగున నాచు ఉంటే దాంట్లో కొంతైనా అది తినేది. దాన్నే పీకేశాం. మిగిలిన భోజనమంతా ఈ పచ్చ నీళ్లకే వడ్డించినట్టయింది.

ఏప్రిల్‌లో కాలేజీ నుంచి ఒక థర్మామీటరు అడిగి తెచ్చాను. అవసరం లేకపోయింది. మధ్యాహ్నం కాలు పెడితే స్నానానికి కాచిన నీళ్లలా ఉన్నాయి. ఎండలు మా చిన్నప్పటికన్నా ముందే వస్తున్నాయి, పోవడం మాత్రం మర్చిపోతున్నాయి. లోతు లేని చెరువు కాబట్టి పైనుంచి అడుగు దాకా కాగుతుంది. చల్లటి సోడాలో గ్యాసు నిలుస్తుంది, వేడి సోడాలో నిలవదు. చెరువులో కలిసి ఉండే గాలి సంగతీ అంతే. ఆ సాయంత్రం బావను కూర్చోబెట్టి చెప్పాను. ఈ పచ్చదనం ఎండ ఉన్నంతసేపు నీళ్లకు గాలి ఇస్తుంది. పొద్దుగూకితే చేపలతో పోటీపడి అదే గాలి పీలుస్తుంది. తెల్లారేసరికి తక్కువ పడిందంటే నిరుటి కథే.

“అంటె పగలు మనోళ్లు, చీకటైతె అవతలి పార్టీ,” అన్నాడు బావ.

“అంతే.”

“సర్పంచ్ ఎలక్షన్ లెక్క జెప్తున్నవ్. పెంట ఆపుతం. మరి ఏసింది?”

“ఏసింది ఏసిందే. సగం చేపలు ఇప్పుడే పట్టు బావా. పీల్చే మూతులు తగ్గితె మిగతయి బతుకుతయి.”

“ఇప్పుడు పడితె మృగశిరకు ఏం పంచుత? సుమ్నిరు నువ్వు గూడ.”

అలా ఆ మాట నాకూ వచ్చింది.

మృగశిర ఇంకా పన్నెండు రోజులుందనగా మబ్బు పట్టింది. ఊరు సంబరపడింది. వాన రాలేదు. గాలి ఆగిపోయింది, రోజంతా ఎండ జాడ లేదు, ఒకటే ఉక్క. మర్నాడు తెల్లవారుతుండగా అక్క ఎప్పటిలాగే వలలో పడినవి తెచ్చుకోవడానికి గంప పట్టుకుని చెరువుకు పోయింది. అక్క పరుగెత్తే మనిషి కాదు. నడుస్తూనే తిరిగొచ్చింది, కానీ గంప లేకుండా వచ్చింది.

“చేపలు మూతులు దెరిసినయి,” అంది. “చెరువు మొత్తం.”

మేం పోయేసరికి నీళ్ల మీద వాన పడుతున్నట్టు వలయాలు. పైన చుక్క వాన లేదు. అన్నీ మూతులే. చప్ చప్‌మని చిన్న చప్పుడు, చెరువు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. బావ కట్ట మీద కూలబడి, “అయిపాయె,” అన్నాడు. నాకు ఒక్క జోకూ రాలేదు. వచ్చుంటే అక్క నన్ను కూడా అందులో పడేసేది.

గుర్తుకు వచ్చింది మాత్రం నేను చివరిదాకా చూసిన ఆ వీడియో.

“బావా, కోస్తా చెరువులల్ల నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతుంటయి. చూసినవా?”

“లేదు.”

“చక్రాలు మనకు లేవు. ఒడ్డు పొంటి మోటర్లున్నయి గద. పైపులు మలిపి నీళ్లు ఎత్తు నుంచి మళ్ల చెరువులనే పోస్తె గాలి కలుస్తది.”

ఆ మోటర్లు చెరువు నీళ్లు పొలానికి ఎక్కించుకునే రైతులవి. అందరికన్నా పెద్ద మోటరు, గద్వాలోడు అనే మాటను ఊళ్లో అందరికన్నా గట్టిగా పలికే ఆయనది. బావ ఎనిమిదేళ్లలో ఆ గడప తొక్కలేదు. ఆ పొద్దున చెప్పుల్లేకుండా పోయి నిలబడ్డాడు, వెనక నేను. ఆయన వేపపుల్ల నములుతున్నాడు.

“ఏంది? చెరువుల నీళ్లు తీసి చెరువులనే పోయాల్నా?”

“అవునన్న. జర ఎత్తు నుంచి పోయాలె.”

“గద్వాల్ల గిట్లనే జేస్తరా?”

“ఆడ ఏరున్నది అన్న. దాని మానాన అదే పారుతది. మన చెరువు నిలవడ్డ నీళ్లు. మనమే కదిలియ్యాలె.”

ఆయన పుల్ల ఉమ్మేసి లోపలికి పోయాడు. తలుపు వేసుకున్నాడనుకున్నాను. చొక్కా వేసుకుని వచ్చాడు. “నడువు. మళ్ల కరెంటు పోతది,” అన్నాడు.

ఆయన కదిలితే మిగతావాళ్లు కదలడం మా ఊరి ఆచారం. గంట తిరిగేసరికి ఏడు మోటర్లు నడుస్తున్నాయి. పైపుల్ని కర్రలకు కట్టి పైకెత్తి పట్టుకున్నారు. పెళ్లి పందిట్లో ఫౌంటెన్లలా అందంగానే ఉంది, వాసన మాత్రం కోళ్లఫారంది. సాయం చేద్దామన్న ఉత్సాహంలో ఒకాయన బర్రెల మందను చెరువులోకి తోలబోయాడు, అవి కూడా నీళ్లు కలుపుతాయని. బురద లేస్తే ఉన్న గాలి కూడా పోతుందని కేకలేసి ఆపాను. ఒక్క పొద్దున ఊళ్లో నా సలహాలు రెండు అమలయ్యాయి, ఎన్నడూ లేనిది. బర్రెలు నావైపు చాలా అసహ్యంగా చూశాయి.

నీళ్లు పడే చోటికల్లా చేపలు వచ్చి చేరాయి. తొమ్మిదింటికి మబ్బు విడిచి ఎండ కాసింది. అవతలి పార్టీ మళ్లీ మనవైపు వచ్చింది. మూతులు ఒక్కొక్కటే కిందికి పోయాయి. నాలుగు గంపల చేపలు చచ్చాయి. నిరుడు చెరువంతా చచ్చింది.

అప్పుడు అక్క కట్ట దిగి వచ్చింది. “ఇయ్యాలనే సగం పట్టాలె.”

“మరి నేనిచ్చిన మాట?” అన్నాడు బావ.

“మొత్తం సచ్చినంక మాట ఎవలికి చూపిస్తవ్? సగం చేపలుంటె సగం మాటన్న ఉంటది.”

బావ ఈసారి సుమ్నిరు అనలేదు. ఆ రోజే పెద్ద పెద్ద బొచ్చెల్ని ముందు వల వేసి తీశారు. ఎక్కువ గాలి పీల్చేవి అవే, ఊరు మృగశిరకని కళ్లు పెట్టుకున్నవీ అవే. ఆటోల్లో వనపర్తికి కొన్ని, కల్వకుర్తికి కొన్ని పోతుంటే కట్ట మీద నిలబడ్డవాళ్ల ముఖాలు పాడె వెంట నడిచేవాళ్లలా ఉన్నాయి. ఆ తర్వాత మృగశిర దాకా రోజూ తెల్లవారుజామున వంతులవారీగా మోటర్లు నడిచాయి. తన వంతు కానప్పుడు కూడా బావ పోయి పైపు పట్టుకునేవాడు. పైపు ఆయన పట్టుకున్నా పట్టుకోకున్నా నీళ్లు వస్తాయి. కానీ ఆ మాట నేను ఆయనతో అనలేదు.

మృగశిర నాడు ఇంటికో చేప ముట్టింది. ముట్టింది గానీ చిన్నది.

“గిదేంది, నా చెప్పు దీనికంటె పెద్దగున్నది,” అని ఒకామె చెప్పు విప్పి పక్కన పెట్టి మరీ చూపించింది. నిజమే, చెప్పే పెద్దది.

“ఇంటికింత అన్నడు గని ఎంతో అనలే గద,” అన్నాడు తాత, తన చేపను తోక పట్టుకుని లేపి చూసుకుంటూ.

మా ఇంటి దాకా వచ్చేసరికి తోక తెగిన రోహు ఒకటి మిగిలింది. ఏడుగురం తిన్నాం. ముల్లు ఎవరికి వచ్చింది, ముక్క ఎవరికి వచ్చింది అన్న చర్చ జరగలేదు. వచ్చిందంతా పులుసే.

సాయంత్రం సంఘం కూర్చుంది. రైతులు కూడా వచ్చారు, మోటర్లు తిప్పాం కాబట్టి మాకూ మాట ఉందని. బావ లేచి నిలబడ్డాడు.

“ముట్టిస్త అని మాటిచ్చిన. ముట్టింది, తక్కువ ముట్టింది. కోళ్ల పెంట ఏసింది నేను, నాచు పీకిచ్చింది నేను. తప్పు నాదే. తప్పుకోమంటె తప్పుకుంట.”

అక్క ఆడవాళ్ల మధ్య కొంగు చివర మడతపెడుతూ కూర్చుంది. బావ కూర్చోబోయి, మళ్లీ లేచాడు.

“ఇంకొక్కటి చెప్తె అయిపోతది. చెరువు సగం ఎండి అడుగు తేలింది. వానలు రాలె, ఈమధ్య మృగశిరకు వస్తనే లేవు. కాలువ నీళ్లు వచ్చేలోపల తేలిన కాడి మన్ను తీద్దం. తాతోళ్లు తీసినట్ల. ఎగువ చేన్లల్ల ఆ మన్ను తోలుకుంటె యూరియా సగం ఎయ్యకున్నా నడుస్తది. వచ్చే ఏడు పెంట ఎయ్యం, గడ్డిచేప పిల్లలు తేం. ఒక మూలకు నాచును ముట్టం. చేప కొద్దిగ సన్నగనే ఉంటది, గని బతికుంటది.”

పెద్ద మోటరాయన గొంతు సవరించుకున్నాడు. “మన్ను తీస్తె ముందు ట్రాక్టర్ ఎవలది?”

అంతే. నాది ముందంటే నాది ముందు. మోటరు మొదట తిప్పింది మేమని ఒకరు, మా చేను ఒడ్డుకే ఉందని ఒకరు. మా నాన్న కూడా లేచి, సగం సంచి యూరియా మానాలంటే తనకు కనీసం పది ట్రాక్టర్లు కావాలని బేరం పెట్టాడు. తనకే మన్నూ వద్దుగానీ నాచు ఏ మూలకు ఉంచుతారో తానే చూపిస్తానని తాత పట్టుబట్టాడు. గంటన్నర అరుచుకున్నారు. చివరికి వంతులు చెప్పే పని బావ మీద పడింది, ఒకరు చెబితే ఇంకొకరు ఒప్పుకునేలా లేరు కనుక.

“మరి బావ తప్పుకునే సంగతేం జేసిండ్రు?” అన్నాను నేను. ఎవరో ఒకరు గుర్తు చేయాలి కదా.

“నువ్వు కూసో,” అన్నాడు పెద్ద మోటరాయన. “ముందు మన్ను సంగతి తెగనీ.”

ఆ సంగతి ఇప్పటికీ తెగలేదు. కాబట్టి బావే అధ్యక్షుడు.

మర్నాడు పొద్దున ఆరింటికి మొదటి ట్రాక్టరు చెరువులోకి దిగింది, ఇరవై అడుగులు పోయి బురదలో కూరుకుపోయింది. దాన్ని లాగడానికి పోయిన రెండోదీ కూరుకుపోయింది. బావ మోకాళ్ల లోతు నల్లమట్టిలో నిలబడి ఇరుసుకు తాడు కడుతున్నాడు. ఊరంతా కట్ట మీద వరసగా నిలబడి ముడి ఎలా వేయాలో, తాడు ఎటునుంచి లాగాలో తలా ఒక సలహా ఇస్తోంది. బావ తల ఎత్తకుండానే, “కిందికొచ్చి చెప్పుండ్రి,” అన్నాడు.

వచ్చారు. ముందు పెద్ద మోటరాయన పంచె ఎగ్గట్టాడు. ఆయన వెనక మా నాన్న, ఆ వెనక ఇంకో పదిహేను మంది. నేను ఫోటో తీద్దామని ఫోను తీశాను. అక్క దాన్ని లాక్కుని నా చేతిలో పార పెట్టింది.